పావురాలు, పౌరులు

మరిపెడ చుట్టుపక్కల గ్రామాల్లో, తండాల్లో ఏ ఇంటికి ప్రార్థనకు వెళ్లినా గోడ మేకుకు వేలాడుతూ ఒక ప్లాస్టిక్ కవరు కనబడుతుంది. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం, ఉపాధి హామీ జాబ్ కార్డు, పిల్లల కుల ధ్రువీకరణ పత్రం అన్నీ అందులోనే. 2024 సెప్టెంబరు 1న ఆకేరు వాగు పొంగి ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు ఆ కవరు విలువ ఎంతో ఈ ప్రాంతానికి బాగా తెలిసివచ్చింది. బియ్యం మళ్లీ కొనుక్కోవచ్చు. కాగితం పోతే మనిషి ప్రభుత్వం కళ్లకు కనబడకుండా పోతాడు.

ఆ కవరులోని ప్రతి కాగితం వెనుకా ప్రభుత్వం ఇచ్చేది ఏదో ఉంది. ఇచ్చేది ఉన్నచోట అడిగేది కూడా ఉంటుంది. కొన్నిసార్లు నోరు తెరిచి అడుగుతారు, కొన్నిసార్లు అడగరు. ఇవ్వడం ద్వారా, ఆపేయడం ద్వారా ఒక ప్రభుత్వం తన ప్రజలను ఎంతవరకు తిప్పగలదు, ఎంతవరకు తిప్పవచ్చు అన్నది ఈ వారం మన ముందున్న ప్రశ్న. ఇది రాజకీయ ప్రశ్న కదా, సంఘానికి ఏం పని అనుకునేవారు చివరిదాకా చదవమని మనవి. ఇది మన బాప్తిస్మపు రిజిస్టరు దాకా వచ్చే ప్రశ్న.

డీఎస్సీకి, టెట్‌కు చదివే మన సంఘాల యువతీయువకులకు స్కిన్నర్ పేరు కొత్త కాదు. ‘కార్యసాధక నిబంధన’, ‘పునర్బలనం’ అని రెండు మార్కుల ప్రశ్నలకు బట్టీ పట్టే ఉంటారు. పెట్టెలో పావురాన్ని పెడతారు. అది ఒక మీటను పొడిస్తే గింజ పడుతుంది. గింజ పడిన పనిని పావురం మళ్లీ చేస్తుంది, పడని పనిని మానేస్తుంది. గింజ ఎప్పుడు పడాలో, ఎన్నిసార్లు పొడిస్తే పడాలో నిర్ణయించేవాడు ఆ పావురం చేత దాదాపు ఏ పనైనా చేయించగలడు. పరీక్షకు ఇంతవరకు చాలు. స్కిన్నర్ మాత్రం ఇక్కడితో ఆగలేదు. 1971లో ఆయన రాసిన పుస్తకం పేరుకు అర్థం ‘స్వేచ్ఛకు, గౌరవానికి ఆవల’. మనిషిలో తనంతట తాను నిర్ణయించుకునే ‘లోపలి మనిషి’ అంటూ ఎవరూ లేరని, స్వేచ్ఛ అనేది మన తెలియనితనానికి మనం పెట్టుకున్న పేరని, సమాజాన్ని ప్రవర్తనా శాస్త్రం ప్రకారం రూపొందించుకోవడమే మిగిలిన దారి అని అందులో వాదించాడు. అంతకుముందు 1948లో రాసిన నవలలో అలాంటి ఊరొకటి కల్పించి చూపించాడు. అక్కడ సుమారు వెయ్యి మంది సుఖంగా బతుకుతుంటారు. ఓట్లు, ఎన్నికలు పట్టించుకోరు. కొద్దిమంది ప్రణాళికాకర్తలు అంతా చూసుకుంటారు.

ఈ ఆలోచనకు పునాది వేసినవాడు జాన్ బ్రాడస్ వాట్సన్. మనస్సు, ఆత్మ వంటి మాటలు పక్కనబెట్టి కంటికి కనబడే ప్రవర్తననే చదవాలని, దాన్ని ముందుగా చెప్పగలగడం, అదుపు చేయగలగడమే ఈ శాస్త్రం గమ్యమని 1913లో ప్రకటించాడు. భక్తురాలైన బాప్టిస్టు తల్లి తన బిడ్డ బోధకుడు కావాలని ఆ కాలపు పేరుపొందిన ప్రసంగీకుడు బ్రాడస్ పేరు పెట్టుకుంది. స్కిన్నర్ కూడా ప్రెస్బిటీరియన్ ఇంట పెరిగినవాడే. నరకం ఎలా ఉంటుందో చెప్పడానికి నానమ్మ పొయ్యిలోని ఎర్రటి నిప్పులు చూపించిందని ఆయనే రాసుకున్నాడు. ఆత్మ లేదన్న ఈ ఇద్దరూ చర్చి బల్లల మీద కూర్చుని పెరిగినవారు. భయపెట్టి భక్తి నేర్పే తల్లిదండ్రులు, సండే స్కూలు ఉపాధ్యాయులు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

అయినా స్కిన్నర్ మాటల్లో నిజమే లేదనడం న్యాయం కాదు. ఆయన దండనకు వ్యతిరేకి. కొట్టి, జైల్లో వేసి, అవమానించి మనిషిని మార్చలేమని చెప్పాడు. బడిలో బెత్తం ఉండకూడదని మనదేశంలో చట్టం రావడానికి చాలా ముందే ఆ మాట అన్నాడు. ఆయన చెప్పిన ఇంకో సంగతి మరీ పదునైనది. బెత్తంతో అదుపు చేస్తే మనిషి తిరగబడతాడు, ఎందుకంటే అదుపు నొప్పిగా తెలుస్తుంది. గింజలతో అదుపు చేస్తే తిరగబడడు, ఎందుకంటే తనకు ఇష్టమైనదే చేస్తున్నానని అనుకుంటాడు. కాబట్టి స్వేచ్ఛ గురించి మాట్లాడేవాళ్లందరూ బెత్తం మీదే కళ్లు పెట్టి గింజల సంగతి మరిచిపోయారన్నాడు. ఇది ఆయన ప్రత్యర్థులకు వేసిన దెబ్బ. మన తెలుగు రాష్ట్రాల రాజకీయాన్ని చూస్తే, ఆ దెబ్బ సరిగ్గానే తగిలిందని ఒప్పుకోక తప్పదు.

పంచాయతీ ఎన్నికలను తీసుకోండి. 2019 ఎన్నికల వేళ తెలంగాణ ప్రభుత్వం ఏకగ్రీవంగా సర్పంచిని ఎన్నుకున్న గ్రామానికి 10 లక్షల రూపాయల ప్రోత్సాహకం ప్రకటించింది. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ఇస్తామంది. గుజరాత్ 2001 నుంచే ఇలాంటి పథకం నడుపుతోంది. ఊళ్లో గొడవలు ఉండవు, ఖర్చు ఉండదు, అభివృద్ధికి డబ్బు వస్తుంది అంటారు. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ డబ్బు దేనికి బహుమతి? ఓటు వేయకుండా ఉన్నందుకు. రాజ్యాంగం ఇచ్చిన హక్కును వాడుకోని గ్రామానికి ప్రభుత్వం బహుమానం ఇస్తోంది. గుడి కట్టిస్తామనో, రోడ్డు వేయిస్తామనో ఊరి పెద్దల ముందు పదవిని వేలం పాడడం పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. ఆ వేలంలో నిలబడగలిగే కూలివాడు ఎవరు? పోటీకి సిద్ధపడ్డ మాదిగ యువకుడిని ‘నీ వల్ల ఊరికి పది లక్షలు పోతాయి’ అని పదిమందిలో నిలదీస్తే అతడు ఏం జవాబు చెప్పగలడు? ఎవరూ కొట్టలేదు, బెదిరించలేదు. గింజలు చూపించారు, అంతే.

ఇక పిల్లల సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికంటే ఎక్కువ పిల్లలున్నవారిని స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులను చేసింది. దానికి ముందు ఎమర్జెన్సీ రోజులున్నాయి. 1976–77 ఒక్క ఏడాదిలో దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. డబ్బు ఆశ కొందరికి, జీతం ఆగుతుందన్న భయం కొందరికి, పోలీసు వ్యాను కొందరికి. తరువాత కాలం మారింది. 2024లో ఆంధ్రప్రదేశ్ ఇద్దరు పిల్లల నిబంధనను ఎత్తేసింది. ఎక్కువమంది పిల్లల్ని కనమని ముఖ్యమంత్రే ప్రజలకు చెబుతున్నారు. ఒకప్పుడు చిన్న కుటుంబాన్ని గట్టిగా ప్రచారం చేసిన నాయకుడూ ఆయనే. జనాభా లెక్కలు మారాయి కాబట్టి విధానం మారింది, అందులో ఆశ్చర్యం లేదు. మాకు ఆశ్చర్యం కలిగించేది వేరు. ఒక తరం స్త్రీల గర్భసంచి మీద ఒక రకం గింజలు, తరువాతి తరం మీద దానికి సరిగ్గా వ్యతిరేకమైన గింజలు. రెండుసార్లూ ‘దేశ క్షేమం కోసం’ అనే మాటే. 1976 నాటి తల్లి, ఈనాటి ఆమె మనవరాలు పక్కపక్కన కూర్చుని ఆ మాట వింటే ఏమనుకుంటారు?

స్కిన్నర్‌ను కార్ల్ రోజర్స్ నిలదీసింది ఇక్కడే. రోజర్స్ మొదట పాస్టరు కావాలని న్యూయార్క్‌లోని యూనియన్ థియలాజికల్ సెమినరీలో చేరి, తరువాత మనోవిజ్ఞానం వైపు వెళ్లినవాడు. 1956లో ‘సైన్స్’ పత్రికలో ఈ ఇద్దరి వాదప్రతివాదాలు అచ్చయ్యాయి. అదుపు చేయవచ్చు సరే, ఎవరు ఎవరిని అదుపు చేస్తారు, ఏ గమ్యం కోసం, ఆ గమ్యాన్ని ఎంచుకునేది ఎవరు అని రోజర్స్ అడిగాడు. శాస్త్రం పావురాన్ని ఎలా తిప్పాలో చెప్పగలదు, ఎటు తిప్పాలో చెప్పలేదు. సి. ఎస్. లూయిస్ అంతకు పదమూడేళ్ల ముందే 1943లో ఇంగ్లండులో ఇదే హెచ్చరిక చేశాడు. ప్రకృతి మీద మనిషి విజయం అంటున్నది తీరా చూస్తే కొందరు మనుషులు మిగతావారిపై సాధించే విజయమని అతని వాదన. పెట్టె బయట నిలబడ్డవాడు కూడా మనిషే. లోపలి మనిషి అంటూ ఎవరూ లేకపోతే, గింజలు వేసేవాడిలో కూడా ఎవరూ లేనట్టే కదా!

మరో రకం అదుపు ఉంది. స్కిన్నర్ కూడా దాన్ని మెచ్చుకుని ఉండడు. 2014 ఆగస్టు 19న తెలంగాణ అంతటా ఒక్క రోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. పరాయి ఊళ్లలో పని చేసుకునేవాళ్లు కూడా లెక్కలో లేకుండా పోతామేమోనని బస్సులు కిక్కిరిసి సొంతూళ్లకు వచ్చారు. ఆ తరువాత 2014–2019 మధ్య రాష్ట్రంలో సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. వేర్వేరు శాఖల వివరాలను కలిపి ఎవరికి కారు ఉంది, ఎవరికి ఆస్తి ఉంది అని ఏరే ‘సమగ్ర వేదిక’ అనే కంప్యూటర్ వ్యవస్థను కూడా ఈ పనిలో వాడారు. హైదరాబాదులో రిక్షా తొక్కి బతికిన ఒకరి పేరున కారు ఉన్నట్టు లెక్కల్లో పడి, ఆ కుటుంబానికి బియ్యం ఆగిపోయిన ఉదంతం బయటికి వచ్చింది. నోటీసు లేదు, విచారణ లేదు. చివరకు 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ కార్డులన్నిటినీ క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని ఆదేశించాల్సి వచ్చింది. పెట్టెలోని పావురానికి కనీసం ఏ మీట పొడిస్తే గింజ వస్తుందో తెలుసు. వేలిముద్ర పడక, ఓటీపీ రాక, కార్డు ఎందుకు పోయిందో తెలియక తహసీల్ ఆఫీసు మెట్ల మీద కూర్చున్న ముసలామెకు అది కూడా తెలియదు. తెలియనప్పుడు మనిషి ఏం చేస్తాడు? ఎవరికీ ఎదురు చెప్పకుండా అణిగి ఉంటాడు.

ఇదంతా రాసినందుకు పేదలకు ఇచ్చే పథకాలన్నీ తప్పని మేము అంటున్నామని ఎవరూ అనుకోవద్దు. ‘ఉచితాలు’ అని ఎగతాళి చేసేవారిలో చాలామంది తమ పన్ను రాయితీలను ఆ మాటతో పిలుచుకోరు. 2005 ఉపాధి హామీ చట్టం పనిని హక్కుగా చేసింది. పని అడిగినవాడికి ఇవ్వలేకపోతే భృతి చెల్లించాలన్నది. అది పౌరుడికి ఇచ్చిన మాట. సన్నబియ్యం తిన్న పిల్లవాడు బడికి పోవడం, ఉచిత బస్సు ఎక్కి తల్లి ఆసుపత్రికి పోవడం మంచివే. మా అభ్యంతరం ఇవ్వడం మీద కాదు. చట్టం ప్రకారం, కారణం చెప్పి, ఆపితే అడిగే దారి ఉంచి ఇస్తే అది హక్కు. ఇచ్చేవాడి ముఖం చూసి, ఓటు రోజు చూసి ఇస్తే అది ఎర. 2023 నవంబరులో పోలింగుకు మూడు రోజుల ముందు రైతుబంధు సొమ్ము పంపిణీకి ఇచ్చిన అనుమతిని ఎన్నికల సంఘం వెనక్కి తీసుకోవడానికి కారణం కూడా ఇదే. ఆ సొమ్మును ఒక మంత్రి ప్రచార సభలో వాడుకున్నారు. సొమ్ము అదే, రైతు అదే. మాట మారేసరికి హక్కు ఎర అయింది. మరి పట్టా లేని కౌలు రైతుకు ఆ పథకం మొదలైన 2018 నుంచి హక్కూ లేదు, ఎరా లేదు. మన సంఘాల్లో మిరప, పత్తి వేసేవారిలో ఎందరు కౌలుదారులో పాస్టర్లకు తెలుసు.

గింజలే మనిషిని తిప్పుతాయన్న మాటకు తెలుగు నేల మీదే ఒక పెద్ద జవాబు ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా వేలాన్ని, సారా దుకాణాన్ని అడ్డుకున్నారు. సారా ఆ రోజుల్లో ప్రభుత్వానికి పెద్ద రాబడి. కాంట్రాక్టరుకు లాభం, మగవాళ్లకు అలవాటు. అన్ని గింజలూ ఒకే వైపు పడుతున్నాయి. వాటికి ఎదురు నిలబడ్డవారు అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుకుంటున్న కూలి తల్లులు. వయోజన విద్య వాచకంలో తాగుబోతు భర్త ఉన్న సీతమ్మ కథ చదివి, ఇది మా కథే కదా అన్నారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. సడలిన కథ వేరు, దానికి ఖజానాయే కారణం. ఈ ఉద్యమాన్ని కూడా వాచకం అనే పరిసరం పుట్టించిందే కదా అని ప్రవర్తనావాది అనవచ్చు. అవును, వాచకం లేకపోతే ఉద్యమం లేదేమో. కానీ అదే వాచకం ఎన్నో ఊళ్లలో చదివారు. చదివిన తరువాత లేచి వెళ్లి దుకాణం ముందు నిలబడినప్పుడు వాళ్లకు దక్కింది గింజలు కాదు, తిట్లు, దెబ్బలు. ఆ లేవడాన్ని లెక్కగట్టే తూకం ప్రవర్తనా శాస్త్రం దగ్గర ఉందని మేము అనుకోవడం లేదు.

బైబిలులో ఈ ప్రశ్నను మొట్టమొదట వేసింది సాతానే అని గమనించారా? యోబు గ్రంథం మొదటి అధ్యాయం తెరిచి చూడండి. యోబు ఊరకనే దేవుని యందు భయభక్తులు కలిగి ఉన్నాడా అన్నదే అపవాది వాదన. చుట్టూ కంచె వేసి, పశువులనిచ్చి, పిల్లలనిచ్చి ఉంచితే ఎవడు భక్తిగా ఉండడు? అవి తీసేసి చూడు అంటాడు. అచ్చంగా ప్రవర్తనావాదమే. మనిషి భక్తి అంటే గింజలకు పొడిచే అలవాటు, గింజ ఆగితే భక్తి ఆగుతుంది. యోబు గ్రంథమంతా ఈ వాదానికి జవాబు. అయితే ఆ జవాబు తేలికగా రాలేదు. యోబు బూడిదలో కూర్చుని దేవునితో వాదించాడు, పుట్టిన దినాన్ని శపించాడు. వాదించే పావురం ఎక్కడైనా ఉందా? యోహాను ఆరవ అధ్యాయంలో ప్రభువు కూడా ఇదే చోట నిలిచాడు. రొట్టెలు తిన్న జనం ఆయనను పట్టుకుని రాజును చేయబోతే ఆయన తప్పుకుని కొండకు వెళ్లిపోయాడు. ఆకలిగొన్నవారికి పెట్టడం మానలేదు. పెట్టిన రొట్టెతో కిరీటం కొనుక్కోవడానికి మాత్రం ఒప్పుకోలేదు.

ఇక మన ఇంట్లోకి రావాలి. కానుక వేస్తే వీసా వస్తుంది, ఉపవాస కూడికకు వస్తే బాకీ తీరుతుంది, నూనె సీసా కొంటే రోగం పోతుంది అని బల్లగుద్ది చెప్పే ప్రసంగాలు యూట్యూబులో మన విశ్వాసులు రోజూ వింటున్నారు. స్కిన్నర్ 1948లో ఒక ప్రయోగం చేశాడు. పావురాలు ఏం చేసినా, చేయకపోయినా కొద్ది కొద్ది సెకన్లకు గింజలు పడేలా అమర్చాడు. కొన్ని పావురాలు గింజ పడ్డ క్షణంలో తాము చేస్తున్న పని వల్లే పడిందన్నట్టు ఆ పనినే మళ్లీ మళ్లీ చేశాయి. ఒకటి గుండ్రంగా తిరిగింది, ఇంకొకటి తల ఊపింది. ఆయన దానికి మూఢనమ్మకం అని పేరు పెట్టాడు. ఆ పేరు వింటే మనకు కోపం రావచ్చు. కానీ సమృద్ధి సువార్త కూడికల్లో జరుగుతున్నదానికి అంతకంటే సరైన పేరు మాకు దొరకలేదు. యోబు విషయంలో ఓడిపోయిన అపవాది వాదాన్ని మన వేదికల మీదే గెలిపిస్తున్నాం.

ఈ మాట బయటివారు అన్నప్పుడు మరోలా ఉంటుంది. పేదవాడు క్రైస్తవుడైతే బియ్యం కోసమో, గోధుమ పిండి కోసమో అయ్యాడంటారు. 1936లో జాన్ మాట్‌తో మాట్లాడుతూ గాంధీజీ కొందరు అంటరానివారి అవగాహనను ఆవుతో పోల్చి, ఆవుకు సువార్త చెబుతారా అన్న అర్థంలో అడిగారు. గాంధీజీ అంటరానితనం మీద చేసిన పోరాటాన్ని మేము చిన్నబుచ్చడం లేదు, కానీ ఆ పోలిక మా పెద్దలకు తగిలిన గాయం. ఆ గాయానికి మాటలతోనూ పనితోనూ జవాబు ఇచ్చినవారు మన పక్కనే, డోర్నకల్‌లోనే ఉన్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయిన వి. ఎస్. అజరయ్య గారు. తిరునెల్వేలి నుంచి నిజాం ఇలాకాకు వచ్చి, మాల మాదిగ పేటల్లో తిరిగి, చదువురాని కూలివాడు కూడా విని, ఆలోచించి, నిర్ణయించుకోగలడని నమ్మి సంఘాలు కట్టారు. ఆయన ఆ పేదలకు నేర్పిన ముఖ్యమైన పాఠం ఇవ్వడం. తల్లి అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి దేవునికని వేరే కుండలో వేయాలి. కానుకల మీద ఆయన పుస్తకమే రాశారు. ఆలోచించండి, గింజల కోసం వచ్చారని లోకం ఎగతాళి చేసిన మనుషుల చేత ఆయన గింజలు తీసి ఇప్పించారు. 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ కెథెడ్రల్ గోడలు చూసి మురిసిపోయేవారు ఆ కుండలను మరిచిపోకూడదు.

మతమార్పిడి నిరోధక చట్టాలు మొదలైంది మన పొరుగున ఒడిశాలోనే, 1967లో. తరువాత చాలా రాష్ట్రాలు ఆ బాట పట్టాయి. ఆ చట్టాల్లో ‘ప్రలోభం’ అనే మాట ఉంటుంది. పేదవాడు మతం మారితే అది ఎర వల్లే అయి ఉంటుందన్న అనుమానం ఆ మాటలో ఉంది. అదే పేదవాడు ఎన్నికల్లో ఓటు వేసినప్పుడు మాత్రం ప్రజాతీర్పు అంటారు. అతడు ఒకచోట పావురం, ఇంకొకచోట పౌరుడు. ఏదో ఒకటి తేల్చుకోవాలి.

అయితే బాప్తిస్మం విషయంలో ఈ దేశంలో అసలైన గింజల లెక్క ఎటువైపు ఉందో చట్టం తెరిచి చూస్తే తెలుస్తుంది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివారు షెడ్యూల్డ్ కులం వారు కారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లిములు ఇంకా బయటే. బాప్తిస్మం తీసుకున్న మాదిగ బిడ్డ కాగితం మీద బీసీ–సీ అవుతుంది, ఒక్క శాతం రిజర్వేషనులోకి వెళుతుంది. చర్చికి వెళ్లినంత మాత్రాన పేట మారదు, పేరు పెట్టి పిలిచే తీరు మారదు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, రిజర్వేషన్ కోసం మాత్రమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగానికి చేసే మోసమని పుదుచ్చేరి కేసులో తీర్పు ఇచ్చింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవం స్వీకరించినవారు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేరని చెప్పింది. కొట్టినవాడు కులం చూసి కొట్టాడు, చట్టం మతం చూసి రక్షణ తీసేసింది.

మరిపెడ ప్రాంతంలో ఈ లెక్క ఇంకా స్పష్టంగా కనబడుతుంది. లంబాడీలు 1976 చట్టంతో తెలంగాణలో షెడ్యూల్డ్ తెగ అయ్యారు. తెగల జాబితాకు మత నిబంధన లేదు. కాబట్టి ఒకే ఆదివారం, ఒకే చెరువులో, ఒకే పాస్టరు చేతి కింద తండా నుంచి వచ్చిన యువతి, ఊరి మాదిగ గూడెం నుంచి వచ్చిన యువతి బాప్తిస్మం తీసుకుంటే, మొదటి అమ్మాయి కాగితాలు చెక్కుచెదరవు. రెండో అమ్మాయి కాగితాల్లో హాస్టలు సీటు, స్కాలర్‌షిప్, ఉద్యోగం ప్రశ్నార్థకం అవుతాయి. మతం మారితే తెగ హోదా కూడా తీసేయాలన్న ఉద్యమాలు ఇప్పుడు నడుస్తున్నాయి గనక తండావారు కూడా నిశ్చింతగా ఉండలేరు. స్కిన్నర్ లెక్క ప్రకారమైతే రెండో అమ్మాయి చెరువులో దిగకూడదు. దిగుతోంది. నష్టం తెలిసి మరీ దిగుతోంది. అయితే సగం నిజం చెప్పి ఆగడం పత్రికకు తగదు. దిగిన తరువాత చాలామంది సంఘంలో ఒక పేరుతో, కాగితంలో ఇంకొక పేరుతో జీవిస్తున్నారు. శిక్ష మనిషి విశ్వాసాన్ని మార్చలేదు, నాలుకను మాత్రం రెండుగా చీల్చింది. బయటి ప్రవర్తననే లెక్కపెట్టే ప్రభుత్వం తనకు కావలసిన కాగితాన్ని సంపాదించింది. లోపల ఏం జరిగిందో దానికి తెలియదు, అక్కరా లేదు.

ఇలాంటి కుటుంబాలను వేదిక మీద నుంచి ‘రెండు పడవల మీద కాళ్లు’ అని గద్దించే బోధకులకు ఒక మాట. మీలో చాలామందికి ఆ అమ్మాయికున్నంత నష్టం లేదు. అబద్ధం ఆడమని మేము చెప్పం, సంఘపు రిజిస్టరులో అబద్ధం రాయవద్దు. కానీ సువార్త కోసం హాస్టలు సీటు వదులుకొమ్మని చెప్పే ముందు ఆ బిడ్డ ఫీజు సంఘం కడుతుందా అని అడగండి. పిడికెడు బియ్యపు కుండ ఇంకా మన ఇళ్లలో ఉందా? బాప్తిస్మపు ఫోటోలు, వీడియోలు అభ్యర్థి అనుమతి లేకుండా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం ఈ రోజే మానండి. మీకది సాక్ష్యం, ఆమెకు అది తహసీల్ ఆఫీసులో చేరే ఫిర్యాదు.

2007లో జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్ 1950 ఉత్తర్వులోని మత నిబంధనను తొలగించమని సిఫారసు చేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానించింది. 2022 అక్టోబరులో ఇదే విషయం పరిశీలించడానికి కేంద్రం జస్టిస్ కె. జి. బాలకృష్ణన్ కమిషన్‌ను నియమించి, ఆ తరువాత గడువు పొడిగించింది. మన సంఘాల నుంచి ఎంతమంది వెళ్లి ఆ కమిషన్ ముందు, పత్రికల ముందు, తమ ఎమ్మెల్యే ముందు సొంత పేరుతో, సొంత కులంతో, సొంత విశ్వాసంతో మాట్లాడారో లెక్క తీస్తే మంచిది. పాస్టర్ల ఫెలోషిప్‌ల తదుపరి కూడికల్లో ఈ అంశాన్ని చర్చకు పెట్టాలని, న్యాయవాదులైన విశ్వాసులను పిలిచి 1950 ఉత్తర్వును, రెండు కోర్టు తీర్పులను తెలుగులో చదివి వినిపించాలని కోరుతున్నాం. ఆ రోజు మాదిగ గూడెం వారినీ తండా వారినీ వెనుక బల్లల మీద కాకుండా ముందు కూర్చోబెట్టి, మొదట వారి చేత మాట్లాడించండి.